"ఒక్క మ్యాచ్ ఆడి పడుకుంటా"

గేమింగ్ వ్యసనానికంటూ ప్రత్యేకంగా మాత్ర లేదు. నాకు ఇచ్చిన చికిత్స వారానికోసారి కౌన్సెలింగ్, మధ్యలో ఇంటిదగ్గర చేయాల్సిన పని. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 దీన్ని జబ్బుగానే గుర్తించింది. రోజుకెన్ని గంటలు ఆడతావన్నది అందులో కొలమానం కాదు. ఆపుకోలేకపోవడం, తక్కినవన్నీ ఆట తర్వాతే కావడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం, ఈ మూడూ సాధారణంగా ఏడాదిగా ఉన్నాయా అని చూస్తారు. నాకు మూడూ ఉన్నాయి.

మొదట ఆట మానమనలేదు, రాయమన్నారు. నోట్‌బుక్‌లో నాలుగు గడులు: ఫోన్ ఎప్పుడు పట్టుకున్నాను, అంతకు ముందు ఏం జరిగింది, మనసెలా ఉంది, ఎన్ని మ్యాచ్‌లు. మొదలుపెట్టించేవి చాలా మామూలువి: భోజనమయ్యాక ఖాళీ, స్క్వాడ్ (కలిసి ఆడే జట్టు) పిలుపు, ఉద్యోగం మాట ఇంట్లో ఎవరైనా ఎత్తడం. ఆగనివ్వనిది మాత్రం ఓటమి. పోయిన ర్యాంక్ పాయింట్లు తిరిగి తెచ్చుకోవాలి కదా! "ఒక్క మ్యాచ్" అన్న మాట దాదాపు ప్రతిసారీ ఓడిన వెంటనే వచ్చేది.

మానేటప్పుడు వరస ముఖ్యం. ముందు స్క్వాడ్‌కి చెప్పి గ్రూపుల్లోంచి బయటికి రావాలి. తర్వాత యూపీఐ ఆటోపే రద్దు, ఆపైన అకౌంట్ డిలీట్, యాప్ ఆఖర్న. యాప్ ఒక్కటే తీసేస్తే ర్యాంకూ స్కిన్లూ (ఆటలోని పాత్రల వేషాలు) సర్వర్లో భద్రంగా ఉంటాయి, మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు. ఛార్జర్ హాల్లోకి మారాలి. రాత్రి 9 నుంచి 11 దాకా ఆట ఉండే చోట ఇంకో మనిషితో కలిసి చేసే పని పెట్టుకోవాలి. షటిల్ అయినా సరే, అవతలివాళ్ళు ఎదురుచూసేది కావాలి. పుస్తకం చదువుకుంటాననే ప్లాను నిలబడదు.

మొదటి రెండు వారాలు చిరాకు, నిద్ర పట్టకపోవడం. దుప్పటి మీద బొటనవేళ్ళు వాటంతటవే కదులుతుంటాయి. ఆడాలనిపించినప్పుడు దానితో పోట్లాడొద్దన్నారు. గడియారం చూసి ఇరవై నిమిషాలు వాయిదా వేసి, ఒంట్లో ఎక్కడ ఏమవుతోందో గమనించమన్నారు. ఆ కోరిక పెరుగుతుంది, తగ్గుతుంది.

ఇంట్లోవాళ్ళు ఫోన్ లాక్కుంటే చికిత్స వెనక్కి పోతుంది. గొడవే కొత్త ట్రిగ్గరవుతుంది, ఫోన్ ఇచ్చే స్నేహితుడు ఎలాగూ దొరుకుతాడు. ఎవరూ పట్టించుకోని ఇంకో లొసుగు, ఆడటం మాని ఇతరులు ఆడే లైవ్ స్ట్రీమ్‌లు చూస్తూ కూర్చోవడం. అదీ ఆటే, దాన్నీ నోట్‌బుక్‌లో రాయాలి. డిప్రెషన్, ఏడీహెచ్‌డీ (దేనిమీదా దృష్టి నిలవకపోవడం), నలుగురిలో కలవలేని భయం లాంటివి అడుగున ఉంటే వాటికి వేరే వైద్యం తప్పదు, వాటికి మందులుంటాయి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఇందుకోసమే షట్ క్లినిక్ నడుస్తోంది. అంత దూరం వెళ్ళలేనివాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మళ్ళీ ఆడేస్తే ఏం చేయాలో ముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి: ఆ రోజే యాప్ తీసేయడం, ఆ నాలుగు గడులూ నింపడం, కౌన్సెలర్‌కు మెసేజ్. "ఎలాగూ తప్పాను కదా" అనుకుంటే శనివారం మొదలైన మ్యాచ్ సోమవారం దాకా పోతుంది.