బాయి మనిషికి బొమ్మ పెట్టించిన కథ

మా ఊరు ఇల్లందు పక్కన. పాతకాలపు వాళ్లు ఇల్లందును ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. మా తాత, నాయిన ఇద్దరిదీ బాయి పనే, అంటే బొగ్గు గనిలో పని. ఊరి బాయి మూతపడి చాలా ఏళ్లయింది, దిగే దారి నిండా ఇప్పుడు సర్కారు తుమ్మ. ఒక పెళ్లిలో భోజనాల దగ్గర పిల్లాడొకడు "చెమ్మస్ అంటే ఏంది?" అని అడిగాడు. చెమ్మస్ అంటే బొగ్గెత్తే పెద్ద పార. వాడి తాత అదే చెమ్మస్‌తో బొగ్గెత్తి ఇల్లు కట్టినవాడు. ఆ రాత్రే ఊళ్లో బాయి మనిషి బొమ్మ పెట్టాలన్న మాట వచ్చింది. నిలబెట్టేసరికి ఏడాదిన్నర పట్టింది.

మొదటి తప్పు స్థలం దగ్గర చేశాం. మూడు రోడ్ల కూడలిలో పెడదామని గ్రామసభలో చప్పట్లు కొట్టి, చందాలు కూడా మొదలుపెట్టాం. పంచాయతీ కార్యదర్శి నెమ్మదిగా చెప్పాడు: రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆర్డరు ఉందని. "మరి ఊరూరా లేస్తున్నయి కదా సార్" అంటే నవ్వాడు. "లేస్తయి. కాగితం మీద మాత్రం లేవవు."

సరే, పాత చావడి ముందు ఖాళీ జాగా చూసుకున్నాం. అది పంచాయతీదేనని రాసివ్వడానికి ఒక ఆఫీసులో మా ఫైలు ఐదు నెలలు కూర్చుంది. ఈలోపు చందా ఇచ్చిన ప్రతివాడూ "బొమ్మ ఏదిరా?" అనేవాడు. మీ ఊళ్లో ఇలాంటి పని తలపెడితే ముందు స్థలం కాగితం చేతిలో పెట్టుకోండి, తర్వాతే రసీదు పుస్తకం కొట్టించండి.

దేనితో చేయించాలన్నది తొందరగానే తేలింది. కోనసీమ కొత్తపేటలో చేసినట్టు కంచుతో అనుకున్నాం, ధర విని టీ గ్లాసులు కింద పెట్టేశాం. కుర్రాళ్లు తెనాలి వాళ్లలా పాత ఇనుముతో, బాయిలో బొగ్గు మోసే టబ్బులూ రోపులూ కోసి చేయిద్దామన్నారు. నాకూ ఆ ఆలోచనే నచ్చింది. కానీ ఆ స్క్రాప్ అంతా వేలంలో పోతుంది, మనకు దొరకదు. చివరికి ఫైబర్.

ఖమ్మంలో ఒక శిల్పి ఒప్పుకున్నాడు. మట్టి నమూనా తయారయ్యాక నాయినను కూడా తీసుకెళ్లాను. కండలు తిరిగిన మనిషి, ఛాతీ విరుచుకుని, భుజం మీద పికాసు, ఎడమచేతిలో లాంతరు, చూపు ఆకాశంలోకి. నాయిన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఈయన ఎవరు బిడ్డా?"

"బాయి మనిషి తాతా," అన్నాడు శిల్పి.

"ఇట్ల నిటారుగ నిలబడితే నెత్తి పగులుద్ది. లాంతరెందుకు? అది సర్దారు చేతిలో ఉంటది, గ్యాసు చూడనీకి. బొగ్గెత్తే ఫిల్లరుకు నెత్తి మీది లైటే."

బ్యాటరీ నడుముకు ఎక్కడ కట్టుకుంటారో, దాని వైరు వీపు మీదుగా టోపీకి ఎలా పోతుందో చూపించాడు. ఆ తర్వాత మూలనున్న ఇనుప రాడ్డు తీసుకుని, మోకాళ్లు కొద్దిగా వంచి, ఎడమ అరచెయ్యి షెడ్డు దూలానికి ఆనించాడు. కుడిచేత్తో రాడ్డు ఎత్తి మెల్లగా తట్టాడు. తల పక్కకు వంచి విన్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఆ నిమిషంలో నాకు తెలియని ఎవరో ఉద్యోగస్తుడిలా కనిపించాడు.

"పని మొదలుపెట్టే ముందు ఇది చెయ్యాలె. కప్పు గట్టిగుంటే ఖంగుమంటది. వదులైతే డప్పు లెక్క డొల్లగ మోగుద్ది, చేతికి అదురు తెలుస్తది. డొల్ల మోగిందా, తట్టా చెమ్మస్ ఆడనే వదిలేసి ఎనక్కి రావాలె."

శిల్పి ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు. వారం తర్వాత పాత మట్టి మొత్తం దింపేశానని కబురు పెట్టాడు. కొత్త నమూనా చూసి కుర్రాళ్లు గొణిగారు, సున్నం కొట్టేవాడిలా ఉన్నాడని. అదీ నిజమే. పైన కప్పు లేకపోతే ఆయన ఆకాశాన్ని తడుతున్నట్టే ఉంది. చివరికి రెండు సపోర్టు దుంగలు, వాటి మీద ఒక అడ్డదుంగ పెట్టించాం, కాళ్ల దగ్గర తట్టా చెమ్మస్. ఖర్చు పెరిగింది, మళ్లీ రసీదు పుస్తకం పట్టుకున్నాం.

అసలు కొట్లాట రాతిఫలకం దగ్గర. రిటైరైన మాస్టారొకరు చక్కగా రాసుకొచ్చారు: 1871లో జియలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్ ఇక్కడ బొగ్గు గుర్తించడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి హక్కులు రావడం, 1889లో తవ్వకం మొదలవడం, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడటం. నాయిన దోస్తు ఒకాయన అడ్డుపడ్డాడు. "బాయిల పొరకే కింగ్ సీమ్ అని ఆయన పేరున్నది, మళ్ల ఈడెందుకు?" భద్రాచలం పోయే యాత్రికులు మూడు నల్లరాళ్లు పెట్టి వంట చేస్తే ఆ రాళ్లే అంటుకున్నాయనే కథ మా దగ్గర అందరికీ తెలుసు, అది రాయాలన్నాడు. మాస్టారు కథకు ఆధారం ఏదన్నారు. రాత్రి పదకొండు దాకా నడిచింది. కింగ్ ఉన్నాడు, యాత్రికులూ ఉన్నారు, "చెప్పుకుంటారు" అన్న మాటతో.

బాయిలో పోయిన మా ఊరివాళ్ల పేర్లు ఇంటింటికీ తిరిగి రాసుకున్నాం. కాంట్రాక్టరు కింద పనిచేసిన ఇద్దరికి ఏ కాగితమూ లేదు. వాళ్ల ఇంటివాళ్ల మాటే కాగితం అనుకుని చెక్కించాం. చందాదారుల పేర్లు మాత్రం రాతి మీద వద్దని పట్టుబట్టాను. ఇద్దరు నాతో ఇప్పటికీ మాట్లాడటం లేదు.

సింగరేణి డే, డిసెంబరు 23కి అనుకున్నది క్రేన్ రాక కనుమ నాడు జరిగింది. పెద్దలు వచ్చారు, ముసుగు తీశారు, పోయారు. సాయంత్రం జనం పల్చబడ్డాక నాయిన కర్ర పట్టుకుని వచ్చి బొమ్మ మోకాలి మీద తట్టాడు. చెవి పెట్టి మళ్లీ తట్టాడు.

"డొల్ల మోగుతున్నదిరా."

ఫైబర్ కదా నాయినా, లోపల ఖాళీయే ఉంటుందన్నాను. ఆయన నాలుగడుగులు వెనక్కి జరిగాడు. నన్నూ రెక్క పట్టుకుని లాగాడు.

మర్నాడు మేస్త్రీని పిలిచి, వెనకవైపు రంధ్రం చేయించి, మోకాళ్ల పైదాకా కాంక్రీటు పోయించాం. గాలికి ఊగకుండా అని అందరికీ చెప్పాను. అది ఆరాక నాయిన వచ్చి ఒకసారి తట్టి చూసి, ఏమీ అనకుండా చావడి అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.