వా పెడల్ గొంతు సరిగ్గా పలకాలంటే

గిటార్ కేబుల్ ముందు వా పెడల్‌లోకి (కాలితో ఆడిస్తుంటే గిటార్‌ని ‘వా-వా’ అని పలికించేది), ఆ తర్వాతే ఓవర్‌డ్రైవ్‌లోకి (ధ్వనిని గరుకుగా చేసే పెడల్) వెళ్లాలి. వా పెడల్‌ని వెనక పెడితే స్వీప్, అంటే బేస్ నుంచి ట్రెబుల్ దాకా ధ్వని సాగే తీరు, చెవులు కోసేస్తుంది. కొందరికి అదే ఇష్టం, అది వేరే సంగతి.

అసలు చిక్కు పాతరకం ఫజ్‌తో (ధ్వనిని ఇంకా బరకగా చేసే పెడల్). దాని ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (లోపలికొచ్చే సిగ్నల్‌కి ఇచ్చే అడ్డు) బాగా తక్కువ కాబట్టి ముందున్న వా పెడల్‌ని నొక్కేస్తుంది. ఎంత తొక్కినా స్వీప్ సరిగ్గా పలకదు. రెంటి మధ్యలో బఫర్ (సిగ్నల్ నీరసపడకుండా కాపాడే చిన్న సర్క్యూట్) పెట్టండి.

తిరుపతి కల్యాణమండపాల్లో వాయించేవాళ్లకి దుమ్ముతో ఇంకో తలనొప్పి, గరగర. క్రై బేబీ అనే వా పెడల్ అయితే అడుగు రబ్బరు కాళ్ల స్క్రూలు నాలుగూ విప్పి, లోపలి పాట్‌లోకి (పెడల్‌తో పాటు తిరిగే పొటెన్షియోమీటర్) కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి, పెడల్‌ని 20 సార్లు ఆడించండి. గ్రీజు మాత్రం పాట్‌ని తిప్పే పళ్లపట్టీకే, పాట్‌కి వద్దు. అప్పటికీ గరగర పోకపోతే 100కె (100 కిలో ఓమ్‌ల) పాట్ మార్చాల్సిందే. రేడియో షాపులో దొరికే మామూలు లీనియర్‌ది (తిప్పినంత మేర సమానంగా మారేది) వేస్తే స్వీప్ తీరే మారిపోతుంది, వా కోసం చేసిందే అడగండి.

బేస్ మరీ ముద్దగా ఉందా? పాట్ పళ్లచక్రాన్ని పట్టీ నుంచి తప్పించి, ట్రెబుల్ వైపు ఒక్క పన్ను జరపండి. రెండు జరిపితే మడమ వైపు లోతు పోతుంది.

అడాప్టర్ 9 వోల్టులది, మధ్య పిన్ నెగెటివ్ ఉండాలి.