కుడివైపు పాలు

పాప పుట్టిన 12వ రోజు రాత్రి చలి మొదలైంది. గోదావరికి వరదొచ్చి మా లంక కాజ్‌వే మునిగిపోయి ఉంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. తెల్లారేసరికి కుడి రొమ్ము పక్కన అరచేతి మేర ఎర్రబడి రాయిలా అయిపోయింది. జ్వరం 103.

"ఆ వైపు ఇవ్వకే, విరిగిన పాలు. పిల్లకి విరోచనాలు పట్టుకుంటాయి" అంది అమ్మమ్మ. గడ్డ కరుగుతుందని అమ్మ ఆముదం రాసి గట్టిగా పిసికింది. ఇద్దరిదీ ప్రేమే. కానీ సాయంత్రానికి అక్కడ పైట తగిలినా ప్రాణం పోయేది.

అసలు మొదటినుంచీ పాప చనుమొన చివరే పట్టుకుని చప్పరించేది. మొనలు చిట్లి రక్తం. పురుడు పోసిన చోట "పాలు పడలేదు" అంటూ డబ్బాపాలు పట్టారే గానీ, పక్కన కూర్చుని చూపించినవాళ్లు ఒక్కరూ లేరు. మొదటి రోజుల్లో చెంచాడు ముర్రుపాలే వస్తాయని, అప్పుడే పుట్టిన బిడ్డకి అవే చాలని ఎవరూ చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

మర్నాడు నాన్న పడవ మాట్లాడి పాయ దాటించారు. అమలాపురంలో డాక్టరమ్మ 10 రోజులకి యాంటీబయాటిక్, జ్వరానికి పారాసిటమాల్ రాశారు. "పిసక్కండమ్మా, వాపు పెరుగుతుంది. తాగించాక చల్లటి గుడ్డ వెయ్యండి. పాలు మాత్రం ఆపకండి, ఆపితే చీముగడ్డ కట్టొచ్చు. పాపకేం కాదు."

తర్వాత సిస్టరమ్మ నా పక్కన కూర్చుంది. పాప పొట్ట నా పొట్టకి ఆనేలా తిప్పి, చనుమొనని దాని పైపెదవికి రాయించింది. అది ఆవులించినంత నోరు తెరవగానే నా మోచెయ్యి ముందుకి నెట్టింది. నల్లటి భాగం చాలావరకు లోపలికెళ్లింది. గడ్డం రొమ్ముకి ఆనింది, కిందిపెదవి బయటికి తిరిగింది. పళ్లబిగువున పది లెక్కపెట్టాను. నొప్పి నెమ్మదించింది. చప్పరింపు పోయి గుటక వినపడింది. పాలు చేపుకొచ్చి ఎడమవైపు నైటీ తడిసిపోయింది. అమ్మా నేనూ ఇద్దరం ఏడ్చాం.

మూడో రోజుకి జ్వరం దిగింది, గట్టిదనం పోడానికి వారం పట్టింది. రోజుకి పది పన్నెండుసార్లు తాగించేదాన్ని. అమ్మ తడిగుడ్డలు లెక్కపెట్టేది. ఆరు దాటితే పాలు సరిపోతున్నట్టేనట. అమ్మమ్మ సొరచేప పుట్టు, బొప్పాయికాయ కూర వండిపెట్టింది.

28వ రోజు ఆశా కార్యకర్త వచ్చి తూచింది. 2.8 కిలోలతో పుట్టిన పిల్ల 3.3 ఉంది. అమ్మమ్మ దాన్ని అందుకుని, నా ఒళ్లో కుడివైపుకి తిప్పి పడుకోబెట్టింది.

"ముందు ఇటు పట్టవే."