కిరండూల్ ప్యాసింజర్‌లో సిగ్నల్ కొలుస్తూ

విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో అందరూ లోయ కనిపించే సీటు వెతుక్కుంటారు. మేమూ అదే వెతికాం, కాకపోతే దారి పొడవునా మొబైల్ సిగ్నల్ కొలవడానికి, టవర్ కోసం. ఏసీ బోగీ అయితే లోహపు పూత ఉన్న అద్దం సిగ్నల్‌ను మింగేస్తుంది. సిగ్నల్‌ను కొలిచే డెసిబెల్ (డీబీ) లెక్కలో 10 తగ్గిందంటే శక్తిలో పదో వంతే మిగిలినట్టు. అందుకే తెరిచిన కిటికీ ఉన్న మామూలు బోగీ ఎక్కాం.

ఫోన్లు మూడు. ఒకటి ఆగకుండా సాగే కాల్‌కి, ఒకటి 90 సెకన్లు మాట్లాడి, పెట్టేసి మళ్లీ కలిపే కాల్‌కి, ఇంకొకటి డౌన్‌లోడ్‌కి. మూడింటినీ ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు. ఒకటి ప్రసారం చేస్తుంటే పక్కదాని రిసీవర్ దెబ్బతింటుంది.

కొత్తవలస, శృంగవరపుకోట దాకా చెప్పుకోవడానికేమీ లేదు. బొడ్డవర దాటి రైలు కొండెక్కడం మొదలుపెట్టాకే అసలు పని. త్యాడ, చిమిడిపల్లి దగ్గర లోయ వైపు తెరుచుకోగానే ఆర్‌ఎస్‌ఆర్‌పీ (ఫోన్‌కి అందే టవర్ సిగ్నల్ బలం) మైనస్ 85 డీబీఎం, అంటే స్క్రీన్ మీద నిండా గీతలు. అయినా డౌన్‌లోడ్ పాకుతోంది. ఎందుకంటే ఎస్‌ఐఎన్‌ఆర్ (మిగతా టవర్ల రొదతో పోలిస్తే మన సిగ్నల్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) సున్నా దగ్గరే ఆడుతోంది: అడ్డేమీ లేకపోవడంతో మైదానంలోని టవర్లన్నీ కొండమీదికి ఒకేసారి వినిపిస్తాయి, ఏదీ మిగతావాటికంటే గట్టిగా ఉండదు. ఎంత దూరపు టవర్ పట్టుకున్నామో టైమింగ్ అడ్వాన్స్ (సిగ్నల్ ప్రయాణ సమయాన్ని సరిచేయడానికి టవర్ ఫోన్‌కి ఇచ్చే అంకె) చెబుతుంది. 4జీలో ఒక్కో అంకె దాదాపు 78 మీటర్లు. 150 కనిపిస్తే 12 కిలోమీటర్ల దూరమన్నమాట. మామూలు సెట్టింగ్‌లో ఉన్న సెల్ (టవర్‌లో ఒక్కో యాంటెన్నా సేవలందించే భాగం) సుమారు 14.5 కిలోమీటర్లు దాటిన ఫోన్ పిలుపును అందుకోలేదు. అక్కడ సిగ్నల్ ఉంటుంది, కాల్ మాత్రం కలవదు. ఇలాంటి చోట మందు, సిగ్నల్ ఇంత దూరం రాకుండా ఆ దూరపు యాంటెన్నాను ఇంకాస్త కిందికి వంచడమే. కొత్త టవర్ అడగడం తొందరపాటు.

అవతలివాళ్ల మాట మనకు వినిపిస్తూ, మన మాట వాళ్లకు తెగిపోతుంటే తప్పు అప్‌లింక్‌ది, అంటే ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే దారిది. టవర్ ఒక్కో ట్రాన్స్‌మిటర్ నుంచి 40 వాట్ల దాకా పంపగలదు, 4జీ ఫోన్ పంపగలిగేది సాధారణంగా 200 మిల్లీవాట్లు. గీతలు చూపించేది టవర్ గొంతునే. కొలతల రికార్డులో (లాగ్‌లో) ఫోన్ పవర్ 23 డీబీఎం దగ్గర, అంటే ఆ 200 మిల్లీవాట్ల దగ్గరే, అతుక్కుపోయి ఉంటే అదే ఆధారం. నెట్‌వర్క్‌లో టీటీఐ బండ్లింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఒకే వాయిస్ ప్యాకెట్ వరుసగా నాలుగుసార్లు వెళ్తుంది. అంచున ఉన్న కాల్ చాలాసార్లు నిలబడుతుంది.

ఇక సొరంగాలు. ఈ లైన్‌లో 58 ఉన్నాయి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో 100 మీటర్లకు 12 సెకన్లు పడుతుంది. సిగ్నల్ పోయాక ఫోన్ సాధారణంగా ఒక సెకను ఓపిక పడుతుంది, తర్వాత మరికొన్ని సెకన్లు వేరే సెల్ కోసం వెతుకుతుంది. ఈలోపు వెలుతురు కనిపిస్తే మాట కాసేపు ఆగి మళ్లీ వస్తుంది, లేకపోతే కాల్ తెగుతుంది. వంపు తిరిగిన సొరంగం పొట్టిదైనా ప్రమాదమే. ఇంకో తంటా: లోపల జీపీఎస్ ఉండదు కాబట్టి తెగిన కాల్స్ అన్నీ మ్యాప్‌లో సొరంగం ముఖద్వారం దగ్గరే కుప్పపడతాయి. లోపలికి వెళ్లిన, బయటికి వచ్చిన సమయాలను బట్టి చుక్కలను సర్దకపోతే రిపోర్టు చూసినవాళ్లు మంచి సెల్‌ను తప్పుపడతారు.

శిమిలిగూడ ఎత్తు దాటి అరకులో దిగాక సమస్య తీరు మారుతుంది. ఎస్‌ఐఎన్‌ఆర్ 20 ఉన్నా సెలవు రోజు సాయంత్రం వీడియో తిరుగుతూనే ఉంటుంది. కాల్ మాత్రం బాగుంటుంది, ఎందుకంటే వోల్టీ (4జీ మీద సాగే వాయిస్ కాల్) ప్యాకెట్లకు వరుసలో ముందు చోటు. ఇక్కడ ఫోన్‌కి దక్కిన రిసోర్స్ బ్లాకులు, అంటే టవర్ ఫోన్లకు పంచే ఫ్రీక్వెన్సీ ముక్కలు, చూడాలి. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న క్యారియర్‌లో (ఫ్రీక్వెన్సీ పట్టీలో) ఉండేవి 100. మనకు పదో పదిహేనో వస్తే జనం ఎక్కువైనట్టు. తెల్లవారుజామున ఎనభై దాకా వచ్చినా వేగం అదే అంకె దగ్గర ఆగితే, టవర్‌ను కిందనున్న మిగతా నెట్‌వర్క్‌తో కలిపే మైక్రోవేవ్ లింక్ ఇరుకు.