శనివారం చివరి రెండు పీరియడ్లు

నేను టీచర్ని కాదు. అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్లో లెక్కలు రాస్తాను. శనివారం మధ్యాహ్నం షావుకారు గారు వదిలేస్తారు. అప్పుడు మా ఊరి బడికి వెళ్లి, ఆరు, ఏడు తరగతుల పిల్లలు 22 మందికి పర్యావరణం చెప్పడం నాకు పట్టుకున్న పిచ్చి.

నిరుడు చేసిందంతా పోస్టర్లే. చార్టు మీద ఏడుస్తున్న భూగోళం, కింద 'చెట్లను రక్షించండి'. బహుమతులు పంచిన సాయంత్రం చూస్తే, ఆ చార్టులకి చుట్టొచ్చిన కవర్లన్నీ బడి వెనక పంటబోదెలో తేలుతున్నాయి. ఈ ఏడాది బొమ్మలు వద్దు, ఏదైనా సరే కొలిచి రాయాలని పెట్టాను. ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక స్ప్రింగ్ త్రాసు, దారం, టేపు. మొదటి ఖర్చు అంతే.

జూలై

వాన కొలిచే సీసా చేశాం. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, దాన్నే తిరగేసి గరాటులా పెట్టాలి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, గోడలు నిటారుగా మొదలయ్యే దాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత పెట్టుకోవాలి. మొదట బాదం చెట్టు కింద పెట్టి రెండు వానలు పోగొట్టుకున్నాం. తర్వాత జెండా దిమ్మ మీదకి మార్చాం.

ఒక రాత్రి 42 మిల్లీమీటర్లు పడింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. బడి శ్లాబు 18 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. లెక్కేస్తే 5,292 లీటర్లు. "అంటే మన డ్రమ్ములు ఇరవయ్యారు నిండిపోయేవాండీ?" అని ఒకడు నోరు తెరిచాడు. ఆ వారం ఇంకేం చెప్పలేదు, వాడి ప్రశ్నే చాలు.

గోదావరికి నీళ్లు రాగానే ధవళేశ్వరం మట్టం రోజూ పేపర్లో చూసి గోడ మీద గీత గీయమన్నాను. 11.75 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. నేను ఈ అంకెలు పెద్ద విషయంలా బోర్డు మీద రాస్తుంటే, అమ్మమ్మగారి ఊరు గోదావరి లంకలో ఉన్న పిల్ల ఒకత్తె లేచింది. "మొదటి హెచ్చరికంటే మా అమ్మమ్మ గేదెల్ని గట్టు మీదకి తోలించేస్తాదండి. రెండోదంటే బియ్యం అటక మీదకి ఎక్కించేస్తాది" అంది. ఆ మాటల్నీ గీతల పక్కనే రాయించాను.

ఆగస్టు, సెప్టెంబరు

మధ్యాహ్న భోజనం తర్వాత పారేసే అన్నాన్ని వారం రోజులు బకెట్లో పోయించి త్రాసుకి తగిలించాం. మొత్తం 64 మంది తినే బడి. సోమవారం 4 కిలోల 600 గ్రాములు. మిగతా రోజులూ అటూ ఇటూగా అంతే.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒప్పుకోవాలి. వంటావిడకి ముందు చెప్పలేదు. గోడ మీద అంకెలు చూసి, తన వంట బాగోలేదని రాశామనుకుని ఆవిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నేనే వెళ్లి "అక్కా, ఇది నీ మీద కాదు, కంచాల మీద" అని కూర్చుని చెప్పాను. దారి చూపించింది మళ్లీ ఆవిడే: చిన్న పిల్లలకి కూడా పెద్ద గరిటెతోనే పెడుతున్నారట, వరస తొందరగా కదలాలని. మొదట సగం గరిటె, కావాలంటే మళ్లీ. రెండో వారానికి 1 కిలో 900 గ్రాములకి దిగింది. ఎవరైనా మీ బడిలో ఇది మొదలుపెడితే, త్రాసు కంటే ముందు వంటింటికి వెళ్లండి.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, ఎరువు కథ

మూడడుగుల సిమెంటు ఒరలు రెండు తెచ్చి బడి వెనక నిలబెట్టాం. మా ప్రాంతంలో కొబ్బరి పొట్టుకి కరువేముంది? పీచు మిల్లు వాళ్లు ఊరికే తీసుకెళ్లమన్నారు. నాలుగు బస్తాలు పోసి, పైన అన్నం, అరటి తొక్కలు వేసి, నీళ్లు చల్లి, మంచి పని చేశామనుకున్నాం.

ఏడు వారాలు గడిచినా పొట్టు రంగు కూడా మారలేదు. అన్నం పులిసి కంపు, ఈగలు. "మాస్టారండీ, ఇది ఎరువు కాదండి, ఊరగాయండి" అన్నాడొకడు.

పొట్టులో లిగ్నిన్ అనే, తొందరగా కుళ్లని గట్టి పదార్థం ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకి తిండి ఎదురుగా ఉన్నా ఆ నత్రజని లేకపోతే పని సాగదు. పెద్ద ఎత్తున చేసేవాళ్లు టన్ను పొట్టుకి 5 కిలోల యూరియా, పుట్టగొడుగు విత్తనం కలుపుతారు. మాకు పిల్లల చేత యూరియా ముట్టించడం ఇష్టం లేదు. నత్రజని ఎక్కడ దొరుకుతుందని చూస్తే కాలవ నిండా ఉంది: గుర్రపుడెక్క.

పెద్దవాళ్లం ఇద్దరం దిగి లాగాం, పిల్లల్ని కాలవలోకి దింపలేదు. వేళ్లు కోసేసి, గట్టు మీద రెండెండలు ఎండబెట్టి, ముక్కలు చేశాం. అలా చేయకుండా పచ్చిగా ఎక్కడైనా పడేస్తే తడి తగిలి మళ్లీ మొలుస్తుంది. కొలత: ఒక బకెట్ పొట్టు, రెండు బకెట్ల డెక్క, అర బకెట్ పేడనీళ్లు, ఇలా వరసలు. పది రోజులకోసారి ఒక ఒరలోంచి ఇంకో ఒరలోకి తిరగేయడం. రెండో ఒర ఎందుకని అడిగిన హెచ్‌ఎం గారికి అప్పుడు అర్థమైంది.

ఇంకో అనుమానం కూడా వచ్చింది. కొబ్బరి డొక్క ఉప్పునీళ్లలో నానితే పొట్టులో ఉప్పు మిగులుతుంది. అందుకని టీడీఎస్ మీటరు కొన్నాను, నాలుగు వందల లోపే. లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగాయో అది సుమారుగా చూపిస్తుంది. వాననీళ్లు లీటరులో రెండు గుప్పెళ్ల పొట్టు నానబెట్టి పెడితే 1,100 దాటింది. ఆ తర్వాత పొట్టుని మూడుసార్లు కడిగాకే వాడాం. ఎనిమిదో రోజున ఒరలో ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాల తర్వాత తీస్తే పట్టుకోలేకపోయారు. లాబ్ థర్మామీటరు 51 డిగ్రీలు చూపించింది.

నవంబరు

మీటరు చేతికొచ్చాక పిల్లలు దాన్ని అన్నిట్లో ముంచడం మొదలుపెట్టారు. పులుసులో కూడా. దాంతో ఉప్పు ప్రయోగం పెట్టాం. నాలుగు కొబ్బరి చిప్పల్లో దూది, ఒక్కోదాంట్లో 20 పెసలు. ఒకదానికి మంచినీళ్లు, మిగతావాటికి లీటరుకి 2, 5, 10 గ్రాముల ఉప్పు. సముద్రంలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉంటుందని పక్కన రాశాం.

మొదటిసారి ఉప్పు చిప్పలన్నీ చచ్చాయి. కారణం వెతికితే, దూది ఆరినప్పుడల్లా మళ్లీ ఉప్పునీళ్లే పోస్తున్నారు. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. రెండోసారి చిప్పని మొదటి రోజే తూచి, తగ్గిన బరువుకి మంచినీళ్లే పోయించాను. మూడో రోజుకి వరసగా 19, 18, 14, 5 మొలిచాయి. మొదటిసారి పాడైనందుకు నాకు సంతోషమే. చేనుకి ఉప్పెలా ఎక్కుతుందో అంత బాగా నేను చెప్పలేను.

జనవరి

వ్యాను మాట్లాడుకుని, ఎదుర్లంక వారధి దాటి, యానాం మీదుగా కోరింగ వెళ్లాం. మడ అడవిలో చెక్కదారి మీద నడుస్తూ, తెల్లమడ ఆకు వెనక్కి తిప్పి నాలికతో ఒకసారి తాకి చూడమన్నాను. ఉప్పగా ఉంటుంది. ఆ చెట్టు అక్కర్లేని ఉప్పుని ఆకుల్లోంచి బయటకి పంపేస్తుంది. "మన పెసలకి ఈ ఆకులుంటే బతికేవండీ" అంది వెనకనుంచి ఒక గొంతు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు లెక్కపెడదామని కూర్చున్నవాళ్లు చదరపు మీటరు పూర్తి కాకముందే వదిలేశారు. బావురుపిల్లి కనపడలేదని వ్యానులో అందరూ నన్నే తిట్టుకున్నారు.

ఎరువు సంగతి: నెలాఖరుకి జల్లెడ పట్టాం. రెండు బస్తాలు నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో వచ్చాయి. మూడో వంతు పొట్టు ఇంకా కుళ్లలేదు, అది తిరిగి ఒరలోకే. తోటకూర మడి వేశారు.

ఫిబ్రవరి, మార్చి

ఊరి నీళ్ల పటం గీస్తున్నాం. ఒక్కో ఇంటి బోరు నుంచి సీసా తెచ్చి కొలవడం. బోరు ఐదు నిమిషాలు ఆడించాకే పట్టాలి. మీటరుని ప్రతిసారీ వాననీళ్లతో కడగాలి. కాలవ 170, బడి బోరు 940, రొయ్యల చెరువుల వైపు ఒక బోరు 2,300. తాగేనీళ్లకి 500 లోపు మంచిదని, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం.

పటం మీద ఇళ్ల పేర్లు రాయనివ్వలేదు, నంబర్లే. పిల్లల్లో ఇద్దరి నాన్నలు రొయ్యల చెరువులు కౌలుకి చేస్తారు. అంకెలు చూసి పిల్లలు వాళ్ల మీద పడితే ఆ ఇద్దరూ మళ్లీ శనివారం రారు. బోర్లలో ఉప్పు వచ్చింది చెరువుల వల్లా, మరోదాని వల్లా అనేది ఈ మీటరు చెప్పదు కూడా.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఇంకోటి. "కాలవ 170 కదండీ, అందరం అదే తాగేస్తే పోలా?" అన్నాడొకడు. వాడి లెక్క ప్రకారం సబబే. మీటరుకి కరిగిన లవణాలే తెలుస్తాయి, క్రిములు తెలియవు. ఆ రోజు తరగతంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. పటం మీద ఎర్ర సిరాతో రాశాం: 'అంకె తక్కువ అయినా కాలవ నీళ్లు కాచకుండా తాగకూడదు'.

ఏప్రిల్

కాలవలు కట్టేసే రోజులు. ఏడో తరగతి పిల్ల అడిగింది: కాలవలో నీళ్లు లేకపోతే బోర్ల అంకె మారుతుందా అని. నాకు తోచలేదు. కట్టేయక ముందు 31 బోర్లు కొలిచి పెట్టుకున్నాం. సెలవుల్లో మీటరు ముగ్గురి దగ్గర వారానికొకరి చొప్పున తిరుగుతుంది, నోట్‌బుక్‌తో సహా. పొద్దున్న ఏడింటికే కొలవాలని షరతు.

నిన్న రాత్రి ఆ పిల్ల వాళ్ల నాన్న ఫోన్ నుంచి చేసింది. "మాస్టారండీ, బడి బోరు 940 కాదండి, 985 చూపిస్తోంది. మీటరు రెండుసార్లు కడిగే పెట్టానండి."