వెలుగు ఎటు నుంచి? రోర్క్స్ డ్రిఫ్ట్ పోరుకు రెండు చిత్రాలు

మన బడి డ్రాయింగ్ మాస్టారు ఏ బొమ్మ గోడకు తగిలించినా ముందు ఒకటే అడిగేవారు: వెలుగు ఎటు నుంచి వస్తోంది? ఆ ప్రశ్నతోనే చూడాల్సిన రెండు యుద్ధ చిత్రాలున్నాయి. రెండూ 1880 నాటివి, రెండింటి పేరూ ‘రోర్క్స్ డ్రిఫ్ట్ రక్షణ’. ఒకటి ఫ్రెంచి చిత్రకారుడు అల్ఫాన్స్ ద నొవిల్‌ది, సిడ్నీ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. రెండోది విక్టోరియా రాణి కోరితే బ్రిటిష్ చిత్రకారిణి లేడీ బట్లర్ వేసినది.

1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానాలో బ్రిటిష్ శిబిరాన్ని అక్కడి జులూ రాజ్య సైన్యం తుడిచిపెట్టింది. అదే సాయంత్రం సుమారు 3,000 నుంచి 4,000 మంది జులూ యోధులు బఫెలో నది దాటి ఇవతల బ్రిటిష్ వలస నాటాల్ ఒడ్డున ఉన్న రోర్క్స్ డ్రిఫ్ట్ క్రైస్తవ మిషన్ స్టేషన్ మీదికొచ్చారు. (మద్రాసు ఓడల్లో వెళ్లిన మన తెలుగు కూలీలు అప్పటికే ఆ నాటాల్ తీరంలో చెరుకు తోటల్లో ఉన్నారు.) స్టేషన్‌లో ఒక ఆసుపత్రి, ఒక గిడ్డంగి. కాపలాకు రోగులతో కలిపి సుమారు 150 మంది బ్రిటిష్ పక్షంవాళ్లు.

ఆవరణ చుట్టూ అడ్డుగోడ దేనితో కట్టారో చూడండి. ఒక్కోటి 90 కిలోల మొక్కజొన్న బస్తాలు, 45 కిలోల బిస్కెట్ పెట్టెలు, మధ్యలో రెండు బండ్లు. నిండు బస్తా తూటాను మింగేస్తుంది, అందుకే అది ఇటుక గోడంత పని చేసింది. తోడున్న స్థానిక దళం పారిపోయేసరికి అంత పొడవు గోడకు మనుషులు చాలలేదు. అక్కడి దళపతి లెఫ్టినెంట్ చార్డ్ ఆవరణను అడ్డంగా కోస్తూ బిస్కెట్ పెట్టెలతో రెండో గోడ పెట్టించాడు. దాంతో ఆసుపత్రి ఆ గోడకు అవతలే ఉండిపోయింది. దాని గడ్డి కప్పు అంటుకుంది. లోపలివాళ్లు గది గోడలకు కన్నాలు పెట్టి, రోగులను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి లాగి, చివరి కిటికీ నుంచి దించారు. అక్కణ్ణుంచి తూటాల మధ్య ఆవరణ దాటాలి. ఆ మంటే లోపలివాళ్లకు దీపమైంది. చీకట్లో గోడ మీదికొచ్చేవాళ్లు దాని వెలుగులోనే కనబడ్డారు.

లేడీ బట్లర్ ఈ వెలుగును పట్టుకుంది. ఆసుపత్రి మంట ఎర్రగా సైనికుల ముఖాల మీద, చేతుల మీద పడుతుంది, మిగతాదంతా నీలిచీకటి. ఆ పోరులో ఉన్న 24వ రెజిమెంటు సైనికులనే ఆనాటి దుస్తుల్లో నిలబెట్టి, పోరు మళ్లీ ఆడించి గీసింది. అందుకే తుపాకీ భుజానికి ఆనించే తీరు అంత నిజంగా ఉంటుంది.

నొవిల్ యుద్ధస్థలికి వెళ్లలేదు. ఆయన పద్ధతి వేరు: గంటల తేడాతో జరిగినవన్నీ ఒకే క్షణంలోకి కుదించాడు. మండే కప్పు, మోసుకొచ్చే రోగులు, గాయపడ్డ సరుకుల అధికారి డాల్టన్‌కు కట్టుకట్టే డాక్టర్ రెనాల్డ్స్, తూటాలు పంచే గుబురుగడ్డం పాదిరీ స్మిత్. ఎవరెవరో గుర్తుపట్టాలంటే మంచి బొమ్మ. ఆ రాత్రి ఎలా ఉందో తెలియాలంటే మాత్రం బట్లర్‌దే.

రెండింటిలోనూ కనబడనిది ఉంది. దాదాపు 20,000 తూటాలు కాల్చడంతో బ్రిటిష్ వాళ్ల మార్టిని-హెన్రీ తుపాకుల గొట్టాలు చేతులు కాలేంత వేడెక్కాయి, తూటాల పల్చటి ఇత్తడి తొడుగులు లోపలే ఇరుక్కున్నాయి. స్టేషన్ వెనకున్న షియానే కొండ గట్ల మీంచి జులూలు పాత తుపాకులతో కాల్చి లోపలివాళ్లను వెనక నుంచి కొట్టారు. లోపల చచ్చిపోయినవాళ్లు 17 మంది, లెక్కకొచ్చిన జులూ శవాలు 351. తెల్లారాక గాయపడి పడివున్న జులూలను చంపేశారు. రెండు బొమ్మల్లోనూ జులూలు గోడ అంచున మిగిలిపోయారు. బట్లర్‌కు వాళ్ల కోసం దొరికిన మోడల్, లండన్‌లో ఒక ప్రదర్శనలో జనానికి చూపిస్తున్న మనిషి. మంట వెలుగు గోడకు ఇవతలే ఆగిపోయింది.