మైసూరు షెడ్డులో విప్పి పెట్టిన జావా ఇంజన్

కాచిగూడ ఎక్స్‌ప్రెస్ మైసూరులో దింపేసరికి ఎండెక్కింది. నేను వెళ్లాల్సిన యాదవగిరి పేట స్టేషన్‌ని ఆనుకునే ఉంటుంది, అయినా ఆటోవాళ్లు చాముండి కొండ రేటే చెబుతారు. బ్యాగ్ ఒక్కటే అయితే నడవండి. ప్యాలెస్, జూ మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నేను వెళ్లింది ఐడియల్ జావా కోసం. రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ 1960లో ఇక్కడే, యాదవగిరిలో పెట్టిన మోటార్‌సైకిళ్ల కంపెనీ అది. బండ్లు మొదట జావా పేరుతో, 1973 నుంచి యెజ్డీ పేరుతో వచ్చేవి. 1996లో మూతపడ్డ ఫ్యాక్టరీలో చూసేదేముంటుంది? ఏమీ లేదు. ఆ పనితనం ఊళ్లోని పాత షెడ్లలోనే మిగిలింది.

అలాంటి ఒక షెడ్డులోనే ఆ పూటంతా గడిచిపోయింది. మేస్త్రీ అరవై దాటిన చాచా. ఆయన దక్కనీకీ మన పాతబస్తీ మాటకీ పెద్ద తేడా లేదు, నా కన్నడం అవసరమే పడలేదు. బల్ల మీద పాత 250 ఇంజన్ విప్పి ఉంది. రెండు సైలెన్సర్లు చూసి రెండు సిలిండర్లనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి పిస్టన్ ఒకటే: బోరు 65 మి.మీ., స్ట్రోకు 75 మి.మీ., దాదాపు 249 సీసీ. పొగ బయటికి పోయే దారులే రెండు. ఒకవైపు గొట్టం కాలిపోతూ రెండోవైపు గోరువెచ్చగా ఉందంటే ఆ రెండో సైలెన్సర్ మసితో మూసుకుపోయిందన్నమాట. లోపలి బాఫిల్ (చప్పుడు తగ్గించే చిల్లుల గొట్టం) లాగి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టాలి. అల్యూమినియం ముక్క మాత్రం అందులో వేయకూడదు, తినేస్తుంది.

చాచా అసలు విద్య పొగ చదవడం. స్టార్ట్ చేయగానే వచ్చి, వేడెక్కాక తగ్గే పొగకు కంగారు పడక్కర్లేదు. ఎంత దూరం పోయినా దట్టంగా వస్తూ, గేర్‌బాక్స్ ఆయిల్ తరుగుతోందంటే ఎడమవైపు క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఆయిల్, గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగు) పోయినట్టు. ఇంజన్ ఆ ఆయిల్‌ని లోపలికి పీల్చి కాలుస్తోంది. కుడివైపు, అంటే డైనమో వైపు సీల్ పోతే లక్షణం వేరు: యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ వేగం దిగదు, రొద పెడుతుంది. గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది, పట్టించుకోకపోతే పిస్టన్ పట్టేస్తుంది.

ఎడమ సీల్ మార్చాలంటే ముందు క్లచ్, ఇంజన్ నుంచి క్లచ్‌కి పోయే ప్రైమరీ చైన్ ఊడదీయాలి. క్రాంక్ మీది పళ్ల చక్రాన్ని లాగడానికి పుల్లర్ అనే పనిముట్టే వాడాలి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదన్నితే కేస్ పగులుతుంది. కొత్త సీల్ ఎక్కించే ముందు షాఫ్ట్ మీద గోరుతో గీసి చూడాలి. గోరు తట్టుకునేంత గాడి ఉంటే కొత్తదీ కారుతుంది. రాణిగంజ్‌లో చవగ్గా దొరికే నకిలీ సీళ్ల మాటెత్తితే చాచా నవ్వి ఊరుకున్నాడు. ట్యాంకు క్రోమ్‌కి వేలకు వేలు తగలేసి సీల్ దగ్గర బేరమాడేవాళ్లని చూస్తే నాకైతే ఒళ్లుమండుతుంది.

ఇది టూ-స్ట్రోక్ ఇంజన్, ఆయిల్ పెట్రోల్‌లోనే కలపాలి: లీటరుకు 40 మి.లీ., అంటే 25కి 1. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో కొత్త చిక్కొచ్చింది. పాత రబ్బరు ఉబ్బుతుంది. నీరు చేరితే ఇథనాల్ దాంతో కలిసి అడుక్కి దిగి ట్యాంకుని తుప్పు పట్టిస్తుంది. వానాకాలం బండి తీయనివాళ్లు ట్యాంకు, కార్బురేటర్ రెండూ ఖాళీ చేసి పెట్టాలి.

ఇక ఎడమ కాలి దగ్గరి లివర్. కిక్కూ అదే, గేరూ అదే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, స్టార్టయ్యాక మళ్లీ ముందుకు దించితే గేర్. కాలితో గేర్ కదిపితే క్లచ్ దానంతటదే విడుతుంది. క్లచ్ దానంతటదే విడే ఈ తెలివి మైసూరులో పుట్టింది కాదు. జర్మన్ల ఆక్రమణలో ప్రాగ్ ఇంజనీర్లు దొంగచాటుగా తయారుచేసి, 1946లో పారిస్ ప్రదర్శనలో పెట్టి బంగారు పతకం కొట్టిన పేరాక్ అనే చెక్ జావా బండి నాటి ఏర్పాటు. క్లచ్‌లో కాస్త లూజు వదలకుండా బిగిస్తే ప్లేట్లు జారి మాడిపోతాయి. ఈ బండ్లలో క్లచ్ గొడవలు చాలావరకు ఇందుకే.

జపాన్ వాళ్ల 100 సీసీ బండ్లే యెజ్డీని చంపాయంటారు. సగమే నిజం. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 వచ్చేనాటికి 1978 నాటి యెజ్డీ రోడ్‌కింగ్ దమ్మున్న బండే. కానీ మైలేజీ అడిగే కొనుగోలుదారుకి మైసూరు చెప్పడానికి జవాబు లేకపోయింది.

వెళ్లాలనుకుంటే జూలై రెండో ఆదివారం చుట్టుపక్కల మాత్రం వద్దు. అది జావా-యెజ్డీ డే, బండ్లన్నీ రోడ్డెక్కుతాయి, షెడ్డులో మీ ఇంజన్ చూసే తీరిక ఎవరికీ ఉండదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. ప్లగ్‌కి నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ పాయింట్ల సందు 0.4 మి.మీ. ఉందో లేదో మాత్రం ఇంట్లోనే చూసుకుని వెళ్లండి, ఆ చిన్న పనికి చాచా తిట్లు తినక్కర్లేదు.